నేల మీద పడ్డ దాణా

ఆ ఎండకాలం మా కంపెనీలో అన్నిటికంటే ముందు మమ్మల్ని కడిగారు. గోడలకు రంగు పడకముందే, నేలకు పచ్చటి పూత పూయకముందే పదకొండు మంది ఆడవాళ్లను వరుసగా నిలబెట్టి గాజులు తీయించారు. బొట్టు తుడిపించారు. తలలో పూలుంటే బయట పారేసి రమ్మన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంటు సారు తెల్లబోర్డు మీద మనిషి బొమ్మ గీసి, దాని చుట్టూ చుక్కలు పెట్టాడు.

"ఈ గదిలో అన్నిటికంటే పెద్ద మురికి ఏంటో తెలుసా? మనిషి. మీరు ఊరికే నిలబడినా మీ ఒంటి నుంచి నిమిషానికి లక్ష నలుసులు రాలుతుంటాయి."

నా పక్కన నిలబడ్డ అండాలక్క మెల్లగా అంది, "నిమిషానికి లక్ష రాలుతుంటే ఇన్నేండ్ల సంది నేను సన్నగ కాకపోతినేందే శైలా."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. నవ్వు పోయాక మాత్రం ఆ మాట నాలోనే ఉండిపోయింది. మురికి అంటే మేం. బోర్డు మీద గీసిన బొమ్మకు కొప్పు కూడా పెట్టాడాయన.

మా కంపెనీ కల్వకుర్తి దాటాక శ్రీశైలం రోడ్డు పక్కన ఉంటుంది. కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు, నాలుగు మోల్డింగ్ మిషన్లు, అంతే. బకెట్ల పిడులు, డ్రిప్పు పైపుల మూతలు, నారు పోసే ట్రేలు చేస్తాం. ప్లాస్టిక్ గింజలను మేం దాణా అంటాం. సంచి విప్పి దాణాను మిషన్ నెత్తినున్న తొట్టిలో పోస్తే, లోపల కరిగి, డై అనే అచ్చులోకి పోయి, గట్టిపడి పిడిగానో మూతగానో కింద పడుతుంది. అంచులకు మిగిలిన తోకలను తుంచి, గ్రైండర్‌లో పొడి చేసి, మళ్లీ కొత్త దాణాలో కలుపుతాం. ఏదీ పారేయం. పారేయకుండా ఉండడమే మాకు వచ్చిన పని.

కరోనా పోయిన రెండో ఎండకాలం అది. మా యజమాని గోపీకృష్ణ సారుకు పిడుల మీద విసుగు పుట్టింది. చిన్న పిల్లలకు ఆయాసం వచ్చినప్పుడు ముక్కూ నోరూ కప్పి మందు పొగ పట్టించే మాస్కులుంటాయి కదా, అవి చేస్తానన్నాడు. దవాఖాన సామాన్లు అమ్మే హైదరాబాద్ కంపెనీ ఒకటి కొంటానంది. కాకపోతే వాళ్ల మనుషులు వచ్చి అంతా చూసి ఒప్పుకోవాలి. ఐటీఐ చదివి పదేళ్లుగా ఆ మిషన్ల దగ్గరే ఉన్న మా ఆయన గిరిని సారు కొత్త గదికి ఇన్‌చార్జిని చేశాడు. ఆర్డరు వస్తే నౌకరీ పర్మనెంటు అన్నాడు. నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. అయినా నా చేతిరాత బాగుంటుందని ఆ గది రిజిస్టర్ రాసే పని నాకు ఇచ్చారు.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. మా వర్షితకు అప్పుడు నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచి దానికి ఆయాసం. రాత్రి ఎన్నిసార్లు లేచి దాని డొక్క ఎగిరేది చూస్తానో నాకే తెలియదు. ఆ మాస్కు నాకు బాగా తెలిసిన వస్తువు. అది మా చేతుల మీదుగా వస్తుందంటే ఇంటికి పోయి బిడ్డకు చెప్పుకున్నాను. "నీ పొగ మూత అమ్మ చేస్తది ఇగ."

కన్సల్టెంటు సారు మూడు రోజులు చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకున్నాను. తోకలు పొడి చేసి కలపడం ఇక్కడ ఉండదు. దాణా ప్రతి సంచికి నంబరు, ఆ నంబరుకు కాగితం ఉండాలి. ఏ మాస్కు ఏ సంచిలోంచి వచ్చింది, ఏ పూట, ఎవరు మిషన్ మీదున్నారు, గదిలో వేడి ఎంత, ఎవరు తుడిచారు, అన్నీ అప్పటికప్పుడు రాయాలి. ఒక విడతలో తీసిన సరుకంతా ఒక లాటు; అలాంటి మూడు లాట్లు వరుసగా ఒకే తీరుగా తీసి చూపాలి. నేల మీద పడింది ఏదైనా ఎర్ర డబ్బాలోకే. రాతలో తప్పు దొర్లితే వైట్నర్ పూయకూడదు, చింపకూడదు. ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి.

"గీత కింద తప్పు కనబడుతూనే ఉండాలి," అన్నాడాయన. ఆ ఒక్క మాటకు ఆయన మీద కోపం కొంచెం తగ్గింది.

గాజుల్లేని చేతులతో ఇంటికి పోతే మా అత్తమ్మ గుర్వమ్మ చూసింది. గొర్రెలను దొడ్లోకి తోలి అప్పుడే కూర్చున్న మనిషి లేచి వచ్చింది.

"మొగడు బతికుండంగ చేతులు బోసిగ పెట్టుకొని ఊరంత తిరిగొచ్చినవా?"

"గాజు పగిలి మాస్కులల్ల పడతదట అత్తమ్మా."

"మరి మీ సేటు ఉంగరాలు పడయా?"

మా సారుకు నాలుగు వేళ్లకు ఉంగరాలుంటాయి. గిరి తల ఎత్తకుండా అన్నం తింటున్నాడు. "ఆయన మిషన్ ముట్టడమ్మా," అన్నాడు.

"పని ముట్టనోనికి అన్ని ఉండొచ్చన్నట్టు," అంది అత్తమ్మ, చెంబు అందుకుంటూ.

గది మార్చిలో తయారైంది. తలకు టోపీ, మూతికి గుడ్డ, కాళ్లకు సంచులు వేసుకుని మూడు రోజులు గోడలు, కప్పు, మూలలు తుడిచాం. బయట ఎండకు రేకులు టపటపమంటుంటే లోపల ఏసీ.

"సారుకు మన మీద ఎంత పావురమో, ఏసీ పెట్టిచ్చిండు," అంది అండాలక్క.

"మనకు కాదక్కా, మాస్కులకు."

"గందుకే. లేకపోతె నాకేందీ చలి."

ఏసీ పెట్టించినవాళ్లు ఆడవాళ్ల బాత్రూం తలుపుకు గొళ్లెం పెట్టించలేదు. ఒకరు లోపలికి పోతే ఒకరు తలుపు పట్టుకుని నిలబడాలి. మోచేతుల దాకా చేతులు ఎలా కడుక్కోవాలో ఆరు బొమ్మల పోస్టరు అంటించారు. పోస్టరు కిందున్న నల్లాలో నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. రాని రోజు మేం ఇంటి నుంచి తెచ్చుకున్న తాగే నీళ్లతో కడుక్కునేవాళ్లం. మురికి మేమే అన్నప్పుడు, ఆ మురికి పోగొట్టుకోవడానికి నీళ్లయినా ఇవ్వాలి కదా. ఈ మాట గిరితో రెండుసార్లు చెప్పాను. ఆర్డరు రానీ అన్నాడు.

ప్రారంభం రోజు సారు ఇంటిల్లిపాదితో వచ్చాడు. పూజ చేసే అయ్యగారిని తీసుకొచ్చాడు. మిషన్‌కు పసుపు రాసి, వరుసగా బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. కింద నిమ్మకాయలు పెట్టారు. మేం మోకాళ్ల మీద పాకుతూ తుడిచిన ఆ పచ్చ నేల మీదే కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు చిమ్మి, పీచు ఎగిరింది. కర్పూరం వెలిగించేసరికి, గాలిలో నలుసులు లెక్కపెట్టేందుకు గోడకు బిగించిన డబ్బా కుయ్యిమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. అయ్యగారు మంత్రం ఆపి, "ఫోను ఎవరిదండీ, జర బంద్ చేయుండ్రి," అన్నాడు. గిరి పరుగెత్తి డబ్బా తీగ పీకాడు.

మేం పదకొండు మందిమి బయట అద్దం ఇవతల నిలబడి చూశాం. మమ్మల్ని లోపలికి రావొద్దన్నారు. నలుసులు రాలుతాయట.

"నా బొట్టు మురికట. మిషన్‌కు పెట్టిన బొట్టు మంచిదట," అంది అండాలక్క. "మిషన్ ముత్తైదువ అయింది, మనమే కాకపోతిమి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం గిరిని అడిగాను, "ఇయ్యాలటిది రిజిస్టర్ల రాయాల్నా?"

"పిచ్చి లేసిందా? దేవుని పని రాస్తరా ఎవరన్న."

రాయలేదు. ఆ గదిలో నేను రాయకుండా వదిలిన మొదటి సంగతి అది. రెండు రోజులు మళ్లీ తుడిచాం. నేల సందుల్లోంచి కుంకుమ పోవడానికి చాలా కష్టమైంది.

నా తప్పు మే పదహారున జరిగింది.

మూడో లాటు నడుస్తోంది. తొట్టిలో పోద్దామని ఎత్తిన సంచి కుట్టు దగ్గర చినిగి దోసెడు దాణా నేల మీద పడింది. నా చేతులు నన్ను అడగలేదు. గొంతుక్కూర్చుని రెండు అరచేతులతో దగ్గరికి జరిపి, ఎత్తి, మూతికున్న గుడ్డ కిందికి లాగి ఉఫ్ అని ఊది, తొట్టిలో పోసేశాను. మా ఇంట్లో జొన్న గింజ ఒక్కటి కాలి కింద పడితే అత్తమ్మ అడుగు వేయనివ్వదు. పెళ్లయి వచ్చిన మొదటి వారమే నేర్పింది, గింజను తొక్కొద్దు, ఏరి చాటలో వేయమని. ఏడేళ్లుగా అదే అలవాటు.

అన్నం టైముకు బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే పోస్టరు పక్కనున్న ఎర్ర డబ్బా కంటబడింది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ఆ నేలను ఘాటు మందుతో తుడిచింది నేనే. ఆ వాసనకు నాకే దగ్గు వచ్చింది.

గిరిని పక్కకు పిలిచి చెప్పాను. అతను చుట్టూ చూశాడు.

"ఎవరన్న చూసిండ్రా?"

"లేదు."

"అయితే కాలే."

"కాలేదంటె ఎట్ల? మందు తుడిచిన నేల అది. గా పొగ పిల్లలు పీలుస్తరు."

"అంత వేడిల కరుగుతది శైలా. ఏముంటది దాంట్ల? తనిఖీకి పది రోజులున్నది. లాటు పారేస్తె మళ్ల మొదటి నుంచి తీయాలె. నోరు మూసుకో జర."

నోరు మూసుకున్నాను. చెయ్యి మూసుకోలేదు. కన్సల్టెంటు సారు చెప్పినట్టే రాశాను: "మే 16. మూడో లాటు. పదకొండు గంటలప్పుడు సంచి చినిగి దోసెడు దాణా నేల మీద పడింది. ఏరి తొట్టిలో పోశాను. పొద్దున ఆ నేలను మందుతో తుడిచి ఉన్నాం. తప్పు నాది. శైలజ."

రెండో రోజు సారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిపించాడు. రిజిస్టర్ బల్ల మీద తెరిచి ఉంది. గిరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇదేమన్న పెండ్లి పత్రికనా, పేరుతో సహా అన్ని అచ్చేసి పంచనీకి?"

"గట్లనే రాయుమన్నరు సార్, ట్రైనింగ్‌ల."

"ట్రైనింగ్‌ల చెప్పిందంత చేస్తె కంపెనీలు నడుస్తయా?" ఆయన కొత్త రిజిస్టర్ నా ముందుకు తోశాడు. "ఇన్ని రోజులది రఫ్ అనుకో. ఇప్పుడు ఫెయిర్ చేద్దాం. బడిల చేస్తుండ్రి గద. నీ రాత ముత్యాల లెక్కుంటదని గిరి చెప్తడు. డెబ్బై రోజులది మంచిగ రాసి ఇయ్యి. గదిల వేడి ఇరవై రెండు దాటొద్దు. గిసొంటి కతలు ఉండొద్దు."

గిరి అప్పటికే ఆ డెబ్బై ఖాళీ పేజీల కింద సంతకాలు పెట్టేశాడు. నాకు మూడు పెన్నులు ఇచ్చాడు. ఒకటి నీలం, ఒకటి నలుపు, ఒకటి ఇంకు అయిపోవచ్చి గీరుకునేది. అన్నీ ఒకే రోజు రాసినట్టు కనబడకూడదని.

కంపెనీకి పోకుండా ఇంట్లోనే ఉండి, మధ్యాహ్నపు వేడిగాలికి తలుపు దగ్గరేసుకుని రాశాను. ఇరవై రెండు. ఇరవై రెండు. ఇరవై రెండు. ఏప్రిల్‌లో వడగండ్ల వాన పడి కరెంటు స్తంభాలు ఒరిగిన రెండు రోజులున్నాయి. మాకు రెండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి అప్పుడు. ఆ రెండు రోజులు గదిలో అడుగు పెడితే ఉడికిపోయాం. అక్కడ కూడా ఇరవై రెండే రాశాను. అంత అందంగా నేను బడిలో కూడా ఎప్పుడూ రాయలేదు. చదువు మానిపించినప్పుడు ఏడ్చిన ఏడుపు ఎందుకో రాస్తున్న రెండు రోజులూ గుర్తొచ్చింది. రాత నేర్చుకుంది ఇందుకా అని నా మీద నాకే మంట పుట్టింది. అయినా రాశాను. గిరి నౌకరీ ఆ పేజీల మీద ఉంది.

"ఏం రాస్తున్నవే పిల్లా గంత సేపు?" అని అత్తమ్మ అడిగింది.

"కంపెనీది," అన్నాను.

ఆ సాయంత్రం దుమ్ము గాలి లేచింది. తెల్లారేసరికి వర్షితకు డొక్క ఎగరడం మొదలైంది. ఎత్తుకుని కల్వకుర్తి సర్కారు దవాఖానకు ఉరికాను. సిస్టర్ దాన్ని చూడగానే పేరు పెట్టి పిలిచి, మంచం మీద కూర్చోబెట్టి, కొత్త మాస్కు ప్యాకెట్టు చింపింది. పొగ మొదలైంది. బిడ్డ నా వేలు పట్టుకుని కూర్చుంది. చేతిలో ఖాళీ ప్యాకెట్టు తిప్పుతుంటే దాని మీద లాటు నంబరు కనిపించింది.

"ఈ నంబరుతోటి ఏం చేస్తరు సిస్టర్?"

"ఏమన్న తేడా వస్తె గీ నంబరు పట్టుకొని అడుగుతరు. ఏ రోజు చేసిండ్రు, ఎవరు చేసిండ్రు, ఏమైంది అని."

"ఎవరు చేసిండ్రో గూడ తెలుస్తదా?"

"తెల్వాలె మరి. ఆడ రాసి పెట్టుకుంటరు గద," అని ఆమె ఇంకో మంచం దగ్గరికి పోయింది.

వర్షిత మాస్కు లోపల్నుంచి ఏదో అంది. వంగి చెవి పెట్టాను.

"అమ్మా, గిది నువ్వు చేసిందేనా?"

"కాదు బిడ్డా. వేరేటోళ్లు చేసిండ్రు."

"నువ్వు చేసింది ఎప్పుడు పెడ్తరు నాకు?"

మాట్లాడకుండా పొగ తాగమన్నాను.

ఇంటికొచ్చి బిడ్డను పడుకోబెట్టి రిజిస్టర్ తెరిచాను. మే పదహారు పేజీ వచ్చింది. నల్ల పెన్ను తీసుకుని పాతదాంట్లో ఉన్నది ఉన్నట్టు రాశాను, "తప్పు నాది" అన్న మాటతో సహా. మిగిలిన పేజీలు చెప్పినట్టే నింపి గిరికి ఇచ్చాను. అతను తెరిచి చూడలేదు.

తనిఖీకి వచ్చిన మేడం పేరు స్నేహలత. నలభై ఏళ్లుంటాయి. కారు దిగుతూనే ఎవరూ చెప్పకముందే గాజులు తీసి బ్యాగులో వేసుకుంది, బొట్టు బిళ్ల తీసి అద్దానికి అంటించింది. సారు కొబ్బరి నీళ్ల గ్లాసుతో ఎదురొచ్చాడు. ఆమె మొదట అడిగింది ఆడవాళ్ల బాత్రూం ఎక్కడని.

అండాలక్క తోడు పోయి తలుపు పట్టుకుంది. మేడం తిరిగొచ్చి తడి లేని చేతులు చూపించింది.

"గొళ్లెం లేదు. నల్లాలో నీళ్లు లేవు. వీళ్లు చేతులెక్కడ కడుక్కుంటున్నారు?"

"ఈ ఒక్క రోజే మేడం, మోటరు కరాబైంది," అన్నాడు సారు.

"ఈ ఒక్క రోజు," అని అండాలక్క నా వెనకాల గాలిలోకి అంది.

గదిలోకి పోయాం. మేడం మిషన్ చూసింది, డై చూసింది, దాణా సంచుల నంబర్లు చూసింది. తర్వాత స్టీలు బల్ల మీద రిజిస్టర్ తెరిచి నిలబడే ఒక్కో పేజీ తిప్పింది.

"వేడి ఎప్పుడు చూసినా ఇరవై రెండే. రెండున్నర నెలల్లో ఒక్కసారి కూడా కరెంటు పోలేదా?"

"మా తెలంగాణల ఇరవై నాలుగ్గంటలు కరెంటు మేడం," అని సారు నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఇంకో పేజీ, ఇంకో పేజీ. ఒక దగ్గర ఆగి చదివింది. మళ్లీ చదివింది. తర్వాత పైకి చదివింది, నేల, మందు, దోసెడు దాణా, అన్నీ. గిరి నా వైపు తిరిగాడు. టోపీకి, మూతి గుడ్డకు మధ్య అతని కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"శైలజ ఎవరు?"

నేను నోరు తెరిచేలోపే సారు అందుకున్నాడు. "చదువులేని పిల్ల మేడం. తెల్వక ఏందో రాసింది. అసొంటిదేం కాలే. ఈ ఊర్లోళ్లకు ఎంత చెప్పినా అంతే."

రెండు రోజులు కూర్చోబెట్టి ముత్యాల రాత అని డెబ్బై పేజీలు రాయించుకున్న నోరు అది. ఇరవై రెండు అని రాసినప్పుడు నాకు చదువుంది. నేల మీద పడింది అని రాస్తే లేదు.

"తెలిసే రాసిన మేడం," అన్నాను. "పోసింది నేనే, రాసింది నేనే."

ఆమె నన్ను, పేజీని మార్చి మార్చి చూసింది.

"మిగతా పేజీలు కూడా ఇదే రాత కదా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఆ ఒక్క పేజీ రాస్తే నా పని అయిపోయిందనుకున్నాను. గిరి కళ్లు వద్దంటున్నాయి. ఏడేళ్లలో అతను నన్ను దేనికీ అంతగా బతిమాలలేదు.

"నా రాతే. అవి అప్పటికప్పుడు చూసి రాసినయి కావు మేడం. ఇంట్ల కూసోని రాసిన."

మేడం రిజిస్టర్ మూసింది. ఆ లాటు తన కళ్ల ముందే కత్తిరించాలంది. ఇప్పుడైతే ఆర్డరు ఇవ్వలేనంది. ఏమేం సరిచేసుకోవాలో రాసి పంపుతానని, అవి చేసి పిలిస్తే మళ్లీ వస్తానని చెప్పింది. పోయే ముందు సారుతో అంది, "డెబ్బై పేజీల్లో నేను నమ్మగలిగింది ఒక్కటే."

మధ్యాహ్నమంతా పదకొండు మందిమి కత్తెరలు పట్టుకుని ఆరు వందల మాస్కులు కత్తిరించాం. ముక్కు కోసం చేసిన చిన్న ఒంపు దగ్గర మెత్తగా తెగుతాయి అవి. ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆర్డరు వస్తే వాళ్లకూ మేలు జరిగేది, నాకు తెలుసు. అండాలక్క ఒక్కతే నా ముందున్న కుప్పలోంచి సగం తన వైపు జరుపుకుంది.

గేటు దగ్గర సారు నిలబడి ఉన్నాడు. "రేపటి నుంచి రాకు," అన్నాడు. "గిరి మొకం చూసి గింతటితోటి ఇడుస్తున్న."

గిరి నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు పొద్దున గొర్రెలకు నీళ్లు పోస్తూ అన్నాడు, "నా సంతకం మీద రాసినవు. నాకు ఒక్క మాట చెప్పకుంట."

"చెప్తె రాయనిస్తుంటివా? ఖాళీ పేజీల కింద సంతకాలు ఎవరు పెట్టుమన్నరు నిన్ను?"

"నీ కోసం, బిడ్డ కోసం పెట్టిన."

"బిడ్డ కోసమేనా? గా మాస్కు ఏ బిడ్డ ముక్కుకు పెడ్తరు మరి?"

అత్తమ్మ దొడ్డి గోడ మీదుగా వింటూనే ఉంది. ఆమె కొడుకు వైపు వస్తుందనుకున్నాను. లోపలికి వచ్చి నన్నే అడిగింది.

"నేల మీద పడ్డది ఏరి పోసింది నిజమేనా?"

"నిజమే అత్తమ్మా."

"గింజ ఇడువొద్దని నేనే నేర్పితి," అంది. "నేను తినే గింజకు చెప్పిన. గిది గూడ చెప్పాలని నాకేమెరుక." తర్వాత కొడుకుతో అంది, "తప్పుల నాది గూడ సగమున్నది. నన్ను గూడ మాట్లాడియ్యకు నాలుగు రోజులు."

మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాక మేడం కాగితం వచ్చింది. గిరి దాన్ని ఇంటికి తెచ్చి, అరుగు మీద కూర్చుని, ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు తెలుగులో చెప్పాడు. ముప్పై ఏడు సంగతులున్నాయి. మొదటిది బాత్రూం గొళ్లెం. రెండోది నల్లా నీళ్లు. గదిలో పూజలు చేయొద్దనేది ఆరోది. ఎలా కనిపెట్టిందో, నేల సందుల్లో కుంకుమ చూసి ఉంటుంది. గిరి తొమ్మిది దగ్గర ఆగాడు.

"సారు నిన్ను రమ్మన్నడు."

"సారే అన్నడా?"

"తొమ్మిదోది అన్నది," అని కాగితం మీద వేలు పెట్టాడు. "తప్పు రాసినోళ్లను ఆ తప్పు రాసినందుకు పనిల నుంచి తీయొద్దట. తీస్తె మేడంవాళ్లు మళ్ల రారట."

నాకు నవ్వు రాలేదు. ఇరవై రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, ఇప్పుడు కాగితం చెప్తే రమ్మనడం. మొహాన కొట్టినట్టు రానని చెప్పాలనిపించింది. లోపల వర్షిత దగ్గింది.

"వస్త," అన్నాను. "ఖాళీ పేజీ కింద నువ్వు సంతకం పెట్టొద్దు. చదివినంకనే పెట్టాలె."

అతను తల ఊపాడు. అవునన్నాడో, చూద్దామన్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మళ్లీ పోయిన రోజు బాత్రూంకు గొళ్లెం ఉంది. ఇత్తడిది, మెరుస్తోంది. అండాలక్క లోపలికి పోయి ఊరికే రెండుసార్లు వేసి తీసింది. చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని గదిలోకి పోయి కొత్త రిజిస్టర్ మొదటి పేజీ తెరిచాను. గదిలో వేడి ఇరవై నాలుగు. ఇరవై నాలుగనే రాశాను.

మిషన్ వేడెక్కుతుండగా తలుపు తెరుచుకుంది. గోపీకృష్ణ సారు, ఆయన వెనక ఎవరో దోస్తు. "గిదే మన క్లీన్ రూం," అంటూ లోపలికి వచ్చాడు. కాళ్లకు చెప్పులు, చెవికి ఫోను, వేళ్లకు ఉంగరాలు. మిషన్ దాకా నడిచి దాని మీద చెయ్యి వేసి చూపించి, నవ్వుకుంటూ బయటికి పోయారు. పచ్చ నేల మీద వాన బురద అచ్చులు వరుసగా పడ్డాయి. అండాలక్క నా వైపు చూసింది. మిగతావాళ్లూ చూశారు.

మిషన్ ఆపి, అందరం కలిసి నేల తుడిచాక పెన్ను తీసుకున్నాను.

"ఉదయం 10.40. యజమాని గోపీకృష్ణ గారు, ఇంకొకరు చెప్పులతో గదిలోకి వచ్చారు. మిషన్‌ను ఉత్త చేతులతో ముట్టారు. మిషన్ ఆపి నేల తుడిచాం. శైలజ."

రిజిస్టర్ తీసుకుపోయి గిరి ముందు పెట్టాను. అతను చదివాడు. పై నుంచి కింది దాకా, వేలు పెట్టి, ఒక్కో అక్షరం. చాలా సేపు పట్టింది. అద్దం అవతల సారు దోస్తును కారు దాకా సాగనంపుతున్నాడు.

గిరి జేబులోంచి పెన్ను తీశాడు. 10.40 మీద గీత కొట్టాడు. అతను పక్కన 10.45 అని రాసి, చిన్న సంతకం చేసి, తేదీ వేశాడు.

"నేను గడియారం చూసిన," అన్నాడు. తర్వాత పేజీ కింద పూర్తి సంతకం పెట్టాడు.

కొట్టేసిన నలభై ఆ ఒక్క గీత కింద కనబడుతూనే ఉంది.